నీళ్లు వద్దన్న చలికాలం

మా నాయిన చెట్టుకు నీళ్లు కావాలో వద్దో కుండీని తట్టి తెలుసుకునేవాడు. వేలు మడిచి కుండీ పక్కన కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గణగణమంటే మట్టి ఎండినట్టు, మందంగా పలికితే ఇంకా తడి ఉన్నట్టు. శామీర్‌పేట చెరువుకు ఇవతల దొరగారి తోట బంగళాలో ఆయన ఇరవై ఏళ్లుగా మాలి. ఆ విద్యకు పట్టా లేదు. పట్టా ఉన్నది నాకు.

మా వంశంలో బి.ఏ. చదివిన మొదటివాణ్ని నేను. యుద్ధం నడుస్తున్న రోజుల్లో చదువు ముగించుకుని, దొర తోటలోనే మాకిచ్చిన గుడిసెకు తిరిగి వచ్చాను. తాలూకా కచేరీలో గుమాస్తా పనికి సిఫారసు ఉత్తరం ఇస్తానని దొర మాట ఇచ్చాడు. చలికాలమంతా ఆయన పట్నంలోనే ఉంటాడు కనుక, మాఘంలో తిరిగి వచ్చాకనే ఆ ఉత్తరం. వెళ్లేముందు నాయినను పిలిచి ఒక్కటే చెప్పాడు.

“గీ జపాన్ చెట్టు పచ్చగుండాలె. ఎండిందో, గుడిసె ఖాళీ జెయ్యి.”

అది జానెడున్నర ఎత్తున్న బోన్సాయ్. సరుగుడు వంటి సన్నని ఆకు. కొమ్మలకు రాగితీగ చుట్టి మెలికలు తిప్పి ఉంచారు. యుద్ధానికి ముందు దొర దాన్ని బొంబాయిలో కొన్నాడు. ఇప్పుడు జపానుతోనే పోరు గనుక మరొకటి దొరికే దారి లేదు.

బంగళాలో తోటపని గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా కంటపడింది. చలికాలంలో ఇటువంటి చెట్లు నిద్రపోతాయనీ, నీళ్లు బాగా తగ్గించకపోతే వేళ్లు కుళ్లుతాయనీ అందులో ఉంది. వారానికి ఒక్కసారి, అదీ అర చెంబు అని నేను నిర్ణయించాను. అది మంచు కురిసే దేశంలో రాసిన పుస్తకమన్న సంగతి నాకు తట్టలేదు. మా చలికాలంలో రాత్రులు చల్లగా ఉన్నా, పగలంతా ఎండ కాస్తుంది, పొడిగాలి వీస్తుంది.

మూడో వారంలో నాయిన కుండీ తట్టి నా వైపు చూశాడు.

“ఒట్టి కుండ లెక్క మోగుతాంది బిడ్డా. జరన్ని పోద్దామా?”

“పుస్తకంల వద్దని రాసున్నది. సదువు నీకొస్తదా, నాకొస్తదా?”

గేటు దగ్గర బీడీ కాలుస్తున్న కావలి సాయిబు నవ్వాడు. “క్యా మాలీ, ఇగ నీ పని ఖతం. నీళ్లు గావాలంటే ఆ చెట్టునే బి.ఏ. సాబ్‌కు అర్జీ పెట్టుకోమను.”

నాయిన కూడా నవ్వాడు. ఆ నవ్వులో గర్వం ఉంది. చెంబు పక్కన పెట్టేశాడు. నాకు తెలియకుండా రోజూ ఇన్ని నీళ్లు పోసి ఉంటే చెట్టు బతికేది. ఆయన పోయలేదు. నా చదువు మీద ఆయనకు అంత నమ్మకం.

ఆ జాతి చెట్టు చచ్చినా కొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తుంది. పుష్యమాసమంతా దాన్ని చూసుకుని నా తెలివికి నేను మురిశాను. దొర వచ్చే రెండు రోజుల ముందు ఆకును తాకితే వేళ్ల మధ్య పొడిపొడి అయింది.

దొర వరండాలో కూర్చుని నాయినతో కుండీని తెప్పించుకున్నాడు. కొమ్మ వంచి చూడగానే అది పుటుక్కున విరిగింది.

“నీళ్లు వోసినవా?”

“వోసిన దొరా.”

“వోస్తే ఎట్ల ఎండె?”

నాయిన విరిగిన కొమ్మనే చూశాడు. నా వైపు చూడలేదు. దొరే నా వైపు తిరిగాడు.

“నువ్వు సదువుకున్నోనివి. మీ నాయినకు జెప్పొద్దా?”

నా సిఫారసు ఉత్తరం ఆయన ముందున్న బల్ల మీద, ఇంకా సంతకం లేకుండా, కనిపిస్తూనే ఉంది.

“జెప్పిన దొరా. ఇనలే,” అన్నాను.

నాయిన తల ఊపాడు. “అవు దొరా. పిలగాడు జెప్పిండు. నేనే ఇనలే.”

దొర ఆ కుండీని నాయిన నెత్తికెత్తించి, పొద్దుగూకేదాకా గేటు పక్కన నిలబెట్టాడు. దారినపోయే వాళ్లు ఆగి చూశారు. “ఏం మాలీ, కట్టెల మోపు గింత సిన్నగైందేంది?” అని ఒకడు అడిగాడు. సాయిబు మాత్రం ఆ రోజు నవ్వలేదు. నేను వరండా నీడలో నిలబడి, దొర సంతకం పెట్టిన ఉత్తరాన్ని రెండు చేతులతో అందుకున్నాను.

మర్నాడు గుడిసె ఖాళీ చేసి, లాల్‌గడి మలక్‌పేటలో మేనమామ ఇంటి పంచన చేరాం. సామాను దించుతూనే అమ్మ మొదలుపెట్టింది.

“సదువుకున్న కొడుకు జెప్తె ఇనకపోతివి. నీ మొండితనానికి ఉన్న గూడు పాయె.”

“అవు,” అన్నాడు నాయిన.

నేను గుమాస్తానై మేడ్చల్‌లో ఇల్లు తీసుకుని వాళ్లను తెచ్చుకున్నాక కూడా ఆమె ఆ మాట మానలేదు. అన్నం వడ్డిస్తూ, నా భార్య ముందు, నా పిల్లల ముందు అనేది. ఆయన ప్రతిసారీ “అవు” అని ముద్ద కలుపుకునేవాడు. నేను తల దించుకుని తినేవాణ్ని.

నాయిన పోయిన రోజు పలకరించడానికి వచ్చిన వాళ్లతోనూ అమ్మ అదే చెప్పి ఏడ్చింది.

“మంచోడే గని, కొడుకు మాట ఇననోడు.”

వాళ్లు జాలిగా నా వైపు చూశారు. నేను నోరు విప్పలేదు.