బ్యాకప్ ఆగిన మధ్యాహ్నాలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు ఆయుధపూజ రోజు సర్వర్లకు కుంకుమ బొట్లు పెడితే, ఆ పొడి ఫ్యాన్లలోకి వెళ్తుందని తుడిచేసి అందరిచేతా తిట్లు తిన్నదాన్ని. ఇది చదివి నాకు పిచ్చి పట్టిందనుకున్నా ఫర్వాలేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఒక పరిశోధనా సంస్థలో నా పని కంప్యూటర్ల నాడి చూడటం. మా బేస్‌మెంట్‌లో ఒక పాత యునిక్స్ మెషీన్ ఉండేది. దాని ప్రాసెసర్ ఎంత బిజీగా ఉంది, డిస్క్ మీద ఎంత భారం పడుతోంది, ఎన్ని పనులు క్యూలో ఉన్నాయి అన్న వివరాలను ఒక చిన్న ప్రోగ్రాం కొన్ని నిమిషాలకోసారి రికార్డు చేస్తుంది. నేను ఆ అంకెలను గ్రాఫులుగా గీసి, మెషీన్ ఎప్పుడు ఎందుకు నెమ్మదించిందో చెప్పాలి.

ఈ పని నాకు నేర్పింది హెర్ ఫోగ్ట్, అంటే ఫోగ్ట్ గారు. ఆ మెషీన్‌ను చూసుకునే అడ్మిన్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. డేటాకంతా రోజూ నకలు తీసిపెట్టే బ్యాకప్‌ను ఆయన మధ్యాహ్న భోజనాల వేళకు పెట్టుకున్నారు. అందరూ "మాల్‌త్సైట్" అని పలకరించుకుంటూ క్యాంటీన్‌కు వెళ్ళాక అది మొదలయ్యేది. అప్పుడు డిస్క్ అంతా దానిదే. ఎవరు మెషీన్‌కు ఏ లెక్క చేయమని పెట్టినా నత్తనడకే. ఎవరికైనా తొందర పని ఉంటే ఆయన బ్యాకప్‌ను స్వయంగా ఆపి, వాళ్ళ పని అయ్యాక మళ్ళీ నడిపించేవారు. నేను అడిగినప్పుడల్లా ఆపారు.

శ్రావంతికి మాత్రం అడక్కుండానే ఆపేవారు.

శ్రావంతి కరీంనగర్ అమ్మాయి. నేను చేరిన నాలుగేళ్ళకు మా టీమ్‌లోకి వచ్చింది. నన్ను అక్కా అని పిలుస్తుంది. మంచి పిల్ల, అదే నా బాధ. హెర్ ఫోగ్ట్ వాళ్ళ తోటలోని ఆపిల్స్ సంచిలో తెచ్చి ముందు ఆమె బల్ల మీద పెట్టేవారు. నాకూ ఇచ్చేవారు, ఆ తర్వాత. ఇంత వయసొచ్చి ఆపిల్ పండ్ల దగ్గర కుళ్ళుకోవడమేమిటని అడగొద్దు. కుళ్ళుకున్నాను.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. అందరం ఇళ్ళ నుంచే పని. ఆ మొదటి శీతాకాలంలోనే హెర్ ఫోగ్ట్ కరోనాతో పోయారు. అంత్యక్రియలకు ఇంటివాళ్ళను తప్ప ఎవరినీ రానివ్వలేదు. ఆఫీసులో ఆయన అకౌంట్ మూసేశారు. బ్యాకప్ మాత్రం ఆయన పెట్టిన వేళకే దానంతటదే నడుస్తూ ఉండేది.

చలి తగ్గాక ఒకరోజు గ్రాఫులు చూస్తుంటే తేడా కనిపించింది. శ్రావంతి భోజనాల వేళ ఏదైనా లెక్క పెట్టిన రోజుల్లో బ్యాకప్ గీత నేలకు పడిపోతోంది. ఆమె పని కాగానే మళ్ళీ లేస్తోంది. వివరాల్లోకి వెళ్ళి చూశాను. బ్యాకప్ నెమ్మదించడం కాదు, పూర్తిగా ఆగి ఉంది. అది దానికదే ఆగదు. ఎవరో ఒకరు లాగిన్ అయి, ఆపమని కమాండ్ ఇవ్వాలి.

నాకు ముందు తట్టింది దయ్యం కాదు, పాస్‌వర్డ్. నాకివ్వని అడ్మిన్ పాస్‌వర్డ్ ఈ శ్రావంతికిచ్చి పోయారా అని ఒళ్ళు మండిపోయింది. లాగిన్ రికార్డులన్నీ తిరగేశాను. ఆ సమయాల్లో అడ్మిన్‌గా ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ ఆపలేదు. చివరికి వీడియో కాల్‌లో శ్రావంతినే అడిగేశాను.

"నేనేం జేయలేదక్కా. బ్యాకప్ ఆగుతుందని గూడ నాకు దెల్వదు. నా పని జల్ది అయితుంది అనుకుంటున్న, అంతే."

అబద్ధమాడే మొహం కాదు ఆమెది. అయినా పరీక్ష పెట్టాను. ఆమె లెక్కనే నా అకౌంట్ నుంచి అదే వేళకు నడిపాను. బ్యాకప్ ఆగలేదు, లెక్క సాయంత్రం దాకా ఈడ్చింది. నా లెక్కను ఆమెకిచ్చి నడపమన్నాను. ఆగింది. ఎన్నిసార్లు చేసినా అంతే. హెర్ ఫోగ్ట్ ఏదో స్క్రిప్ట్ రాసి వదిలేసి ఉంటారని కొత్త అడ్మిన్ అన్నాడు. ఇద్దరం కలిసి మెషీనంతా గాలించాం. అలాంటిదేమీ లేదు. ఎలాగూ చలికాలం లోపు ఆ పాత మెషీన్‌ను తీసేస్తున్నాం కదా అని అతను వదిలేశాడు.

భయపడాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. చనిపోయాక కూడా ఆ శ్రావంతికేనా? నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నది నేను. ఒకవేళ అది దయ్యమే అయితే, ఆ దయ్యానికీ పక్షపాతమే.

ఒకరోజు వంటింట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, లెక్క మొదలుపెట్టే ముందు "బిట్టె, హెర్ ఫోగ్ట్" అని పైకే బతిమాలాను. ఎవరితో మాట్లాడుతున్నావని మా ఆయన పక్క గదిలోంచి అడిగాడు. వ్యాక్సిన్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్ కోసం ఫోన్లో ఉన్నానని చెప్పాను. బ్యాకప్ ఆగలేదు.

మెషీన్‌ను తీసేసే వారం వచ్చింది. చివరి రోజు మధ్యాహ్నం నా లెక్కొకటి దాని మీద నడుపుతానని టీమ్ కాల్‌లో చెప్పాను. ఈ సంగతంతా అప్పటికే అందరికీ తెలుసు. మా గ్రూప్ లీడర్ నవ్వి, ఆ మెషీన్‌కు శ్రావంతి అంటేనే ఇష్టం, ఆమెతో పెట్టించు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇక దాన్ని అడిగేది లేదనుకున్నాను. ఆ చివరి రోజు ఎవరికీ చెప్పకుండా నా లెక్కను దాని బదులు వచ్చిన కొత్త మెషీన్ మీద నడుపుకున్నాను. శ్రావంతి తన రెండో డోసు కోసం సెలవు పెట్టింది. ఆమె కూడా పాతదాని మీద ఏమీ పెట్టలేదు.

సాయంత్రం దాన్ని ఆపేశారు. తర్వాతి వారం, దాచిపెట్టడానికి, వేరే సర్వర్‌లో చేరిన ఆఖరి రోజు డేటా దించుకున్నాను. మధ్యాహ్నం బ్యాకప్ ఎప్పటిలాగే మొదలైంది. కాసేపటికే ఆగిపోయింది. నేను నా లెక్క పెడతానని చెప్పిన వేళ అది. మెషీన్ మీద వేరే పని ఒక్కటీ లేదు. ఎవరూ లాగిన్ కాలేదు. కరెంటు తీసేసేదాకా ఆ బ్యాకప్ అలా ఆగే ఉంది.

శ్రావంతికి గ్రాఫ్ చూపించాను.

"నీ కోసమే ఆపిన్రక్కా సారు. నువ్వు పెడ్తనని చెప్పినవ్ గదా."

ఏదో సాంకేతిక కారణం ఉండే ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను. ఆ డేటా నా దగ్గరే ఉంది. తెలిసినవాళ్ళలో చాలామందికి చూపించాను, ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు. శ్రావంతి మీద కుళ్ళు కూడా పూర్తిగా పోలేదు. ఆమె కోసం బ్యాకప్ ఆగిన ప్రతిసారీ ఆమె అక్కడ ఉంది. నేను అడక్కుండానే నా కోసం ఆగిన ఆ ఒక్క మధ్యాహ్నం, నేను ఆ మెషీన్ మీదికి వెళ్ళలేదు.