మైకు మామ నాకు గొంతివ్వని రోజు

మైకు మామ పోయాడు. నిన్న పొద్దున కొట్టు షట్టర్ ఎత్తుతుంటే ఆయన ఆటో తోలే డ్రైవరే వచ్చి చెప్పాడు. "నిద్రలోనే పోయినాడన్నా," అని మెట్టు మీదే కూలబడ్డాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో చీరల కొట్టు తెరిచినా, కొత్త హోటల్ పెట్టినా ఆటోలోంచి వినిపించే గొంతు ఆయనదే. మొహం తెలియకపోయినా మీకు ఆ గొంతు తెలిసే ఉంటుంది.

నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. మాట్లాడే ముందు మైకును వేలితో రెండుసార్లు తట్టడం అలవాటు. తాను వాడి చూడని సరుకు గురించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. నేను ప్రొద్దుటూరులో నూనె గానుగ పెట్టినప్పుడు మొదటి సీసా ఇంటికి పట్టుకెళ్లి, వారం దాకా ఆటో ఎక్కలేదు. "మా ఆడామె బాగుందనల్ల. అప్పుడే నేనూ అంటా," అన్నాడు. ఆమె బాగుందన్నాక ఆయన మూడు రోజులు ఆటోలో తిరిగాడు, నా కొట్టు నిండింది.

తర్వాత చెడగొట్టుకున్నది నేనే. జమ్మలమడుగుకు నూనె పంపడానికి డబ్బాలు చాలక, వాడేసిన పామాయిల్ డబ్బాలు కొని, కడిగి, మా వేరుశెనగ నూనె పోసి పంపాను. ఎవరో ఫోటో తీశారు. సాయంత్రానికల్లా మూడు ఊళ్ల ఫోన్లలో అదే. 'గానుగ నూనె అని పామాయిల్ అమ్ముతాండారు!' వారం రోజులు గానుగ తిరగలేదు. "ఇంగ మూసేద్దామా?" అని నా భార్య అడిగిన రోజు మామ దగ్గరికి పరుగెత్తాను.

"మామా, అంతా అబద్ధమని మైకులో చెప్పు. కేసు పెడతామని గూడా చెప్పు."

లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు. "డబ్బాలు పామాయిల్‌వేనా, కాదా?"

"నూనె మాదే మామా!"

"నేనడిగింది డబ్బాల సంగతి."

"...అవే."

"అయితే ఫోటో అబద్ధం కాదు గదరా అల్లుడా. నా గొంతు సరుకు గురించి చెప్పేదానికి. తప్పు నీది. నువ్వే చెప్పుకోవల్ల."

మరునాడు జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఆటో ఆపించాడు. మైకు రెండుసార్లు తట్టి నా చేతిలో పెట్టాడు. "డబ్బాలు పామాయిల్‌వే. నూనె మాదే. కానీ ఆ డబ్బాల్లో పోయడం నా తప్పే," అన్నాను. సోడా బండి పక్కనున్న ఒక అవ్వ గట్టిగా అడిగింది.

"ఏమప్పా, ఫోటో తియ్యకపోతే ఈ తప్పు యాడుండేదో!"

జనమంతా నవ్వారు. నేను మైకు తిరిగి ఇవ్వబోతే మామ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నిన్నడుగుతాంది. జవాబు చెప్పు."

"ఒప్పుకునేవాణ్ణి కాదేమో అవ్వా," అన్నాను. ఆ మాట మైకులో నాకే శానా పెద్దగా వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి. "ఇంక డబ్బాల్లో పంపను. మీ శెనక్కాయలు మీరే తెచ్చుకోండి. గానుగ పక్కనే నిలబడి ఆడించుకోండి. మీ క్యాన్లలో మీరే పట్టుకొని పోండి."

నాలుగు రోజులు ఎవరూ రాలేదు. ఐదో రోజు ఆ అవ్వే బస్సు దిగింది. చంకలో కాయల సంచి, చేతిలో సొట్టపడిన స్టీలు క్యాను. నూనె దిగేదాకా రెప్ప వాల్చకుండా చూసింది. "మా వీధిలో చెప్తాలే," అని వెళ్లిపోయింది. మామకు చెబితే పడీ పడీ నవ్వాడు. "ఆయమ్మ నోటి ముందర నా మైకెంతరా!"

ఆయన పని ఏమిటో నాకు అర్థమైంది అప్పుడే. జనాన్ని కొట్టు దాకా పిలవడం ఆయన వంతు. వచ్చినవాళ్ల ముందు నిలబడడం మన వంతు. ఆ రోజు ఆయన డబ్బులు తీసుకొని నా అబద్ధం చెప్పి ఉంటే ఈ కొట్టు ఉండేది కాదు.

నిన్న పెన్న ఒడ్డున ఆయన్ను సాగనంపి, మధ్యాహ్నం నేనూ డ్రైవరూ కొట్టుకు వచ్చాం. పొద్దున దించేసిన షట్టర్ అలాగే ఉంది. దాని ముందు మనుషులెవరూ లేరు. మెట్ల కింది నుంచి రోడ్డు దాకా ఖాళీ స్టీలు క్యాన్లు వరుసగా ఎండలో మెరుస్తున్నాయి. ఎవరి వంతుకు వాళ్లు పెట్టి, నీడకు పోయినట్టున్నారు. డ్రైవరు వంగి, మొదటి క్యానును వేలితో రెండుసార్లు తట్టాడు.