అంబలి కేక

మాఘమాసంలో రెండో శుక్రవారం, పొద్దున్న ఆరూ ఇరవై. అచ్యుతాపురం కంపెనీ బస్సు మా వీధి మలుపులోకి ఆ వేళకే వస్తుంది, అందుకే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. సరిగ్గా అప్పుడే మా కుక్క తాడు తెంపుకొని మేకల మంద కేసి పరుగు తీసింది.

మా కుక్క అంటే వీధికుక్క కాదు. మంచుదేశాల జాతి, హస్కీ అంటారు. ఒళ్ళంతా దూదిలాంటి బొచ్చు, ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమరంగు. మా మనవరాలు అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. అక్కడి ఆఫీసరమ్మకి బదిలీ అయింది, వెళ్ళే ఊళ్ళో కుక్కని ఉంచే వీలు లేదు. "రెండ్రోజులు ఉంచుతానే అమ్మమ్మా" అని తెచ్చింది. ఆ రెండ్రోజులు ఇంకా నడుస్తున్నాయి.

అనకాపల్లి ఎండకి అది ఎలా బతుకుతుందని నేనే తిట్టాను. నీళ్ళతొట్టి పక్కన తడినేల తవ్వుకొని అందులో పడుకునేది. పొద్దు పొడవక ముందే షికారు, ఎండెక్కితే ఇంట్లో ఫ్యాను కింద. మనవరాలు బస్సెక్కి పోతే పగలంతా నేనూ అదీ. నేను గదిలోంచి గదిలోకి వెళ్తే లేచి వెంట వచ్చేది. ఆ ఇంట్లో నన్ను చూసి లేచే ప్రాణి అదొక్కటే. ఈ మాట మా వాళ్ళు చదివినా ఫరవాలేదు, నిజమే కదా.

అయితే గేటు దాటిందంటే మాత్రం మనం ఎవరమో దానికి తెలియదు. పేరు పెట్టి పిలిస్తే చెవి ఇటు తిప్పుతుంది, మొహం అటే ఉంటుంది. వీధి వీధంతా కర్రలు పట్టుకొని వెంటపడేవారు. అందరూ తనతో ఆడుకోవడానికి వస్తున్నారనుకొని అది ఇంకా జోరుగా ఉరికేది. చెరుకు కోసిన మళ్ళు దాటి శారదా నది గట్టు దాకా పోయేది. అలిసిపోయాక ఎప్పటికో తనంతట తనే వచ్చేది. రాగానే మా అల్లుడు చెప్పుతో రెండేసి గొలుసు వేసేవాడు.

ఒకరోజు మా మరిది మేకల్లో పడింది. వరసకి మరిది, మా వెనకింట్లో ఉంటాడు. బెదిరిన మందలో ఒక మేకపిల్ల కాలవలో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ పిల్లని చంకన పెట్టుకొని మా గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, నీ సర్కసు సింహం ఏటి సేసిందో సూడు."

"సూసేను. పసుపు రాసి బద్దలు కడతానుండు."

"పసుపు సరే. ఇంకొక్కసారి నా మందలోకొచ్చిందంటే మీ ఇంట్లో ఉండకూడదు. రోలుగుంట దగ్గర మా బావమరిదికి జీడితోట ఉంది. కాపలాకి కుక్క కావాలన్నాడు. బండెక్కించి పంపేత్తాను."

"గొలుసేసి కట్టేత్తాడా?"

"మరి పరుపేసి పడుకోబెడతాడేటి?"

అతని తప్పేమీ లేదు. మేకలే అతని బతుకు. మనవరాలు ఏడ్చింది, సరేనంది. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. జీడితోటలో, ఎండలో, గొలుసుకి ఈ కుక్క ఒక్క వేసవి బతకదని నాకు తెలుసు.

ఇక్కడ ఒకరి సంగతి చెప్పాలి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. నేర్పింది మా వీధి మలుపులో జాకెట్లు కుట్టే బీబీ. బట్ట మీద గీతలు గీసుకునే సుద్దతో, మిగిలిపోయిన లైనింగు ముక్కల మీద 'అ' రాసి చూపించేది. నేను నాలుగు రోజులు వెళ్ళేదాన్ని, చెరుకు నరుకుడు వచ్చిందంటే నెల మానేసేదాన్ని. మళ్ళీ వెళ్ళి గుమ్మంలో నిలబడితే మిషను ఆపేది. "వచ్చినావా అప్పా, కూర్చో. చాయ్ తాగుదాం" అనేది. అప్పా అంటే వాళ్ళ మాటలో అక్క. ఇన్నాళ్ళూ ఏమైపోయావని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు. నా మొండితనం నాకు తెలుసు.

మేకపిల్ల కాలికి కట్టు కట్టిన సాయంత్రం బీబీ దుకాణంలో కూర్చొని ఉంటే ఇదంతా గుర్తొచ్చింది. వచ్చినవాణ్ణి చెప్పుతో కొట్టి గొలుసు వేస్తే ఎవడు వస్తాడు? ఇంటికి రావడమంటే దెబ్బలని మేమే దానికి నేర్పాం. దాని పేరు పెట్టి పిలిచేది కూడా స్నానానికీ, గొలుసుకీ, తిట్టడానికీ. ఇక ఆ పేరు విని ఎందుకు వస్తుంది?

ఇంటికి వెళ్ళి మా అల్లుడికి చెప్పాను. "రేపట్నించి ఆ కుక్క అర్ధరాత్రొచ్చినా, అమాసకొచ్చినా చెయ్యెత్తకు. ఎత్తితే నీకు కూర పెట్టను." అతను చెయ్యెత్తలేదు. మనవరాలు ఫోనులో చూసి, పొడవాటి తాడు కట్టి నేర్పాలని, పిలిస్తే ఒక్కసారే పిలవాలని, వచ్చిన ప్రతిసారీ మంచి తిండి పెట్టాలని చెప్పింది. బావిలో నీళ్ళు తోడడం మానేశాక మా చేంతాడు అటక మీద ఊరికే పడి ఉంది. అది దించాం.

తిండి దగ్గర ఒక చిక్కొచ్చింది. నేను బెల్లంముక్క చూపించాను. మాకు మంచిదంటే బెల్లమే కదా. వాసన చూసి మొహం తిప్పుకుంది. అనకాపల్లిలో ఉంటూ బెల్లం ముట్టని జీవిని అప్పుడే చూశాను. చివరికి ఎండు నెత్తళ్ళు, వేలెడేసి చేపలు, ఉప్పు పోయేలా కడిగి పెనం మీద వేడిచేస్తే, ఆ వాసనకి వంటింట్లోకి వచ్చి బుద్ధిగా కూర్చుంది. బీబీ వాటికోసం నడుముకి కట్టుకునే చిన్న సంచీ కుట్టిచ్చింది. "చేపలవాసన పోదు అప్పా, దీన్ని మళ్ళీ నా మిషను దగ్గరికి తేవద్దు" అంది.

ఇక పిలుపు. పేరు పాడైపోయింది కాబట్టి కొత్త పిలుపు కావాలి. చెరుకు నరికే రోజుల్లో చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చిన ఆడమనిషి గట్టు మీద నిలబడి "ఓ... హోయ్" అని ఒక్క కేక వేసేది. వేసి, వెనక్కి చూడకుండా నీడలోకి వెళ్ళి కుండ దించేది. ఎవర్నీ బతిమాలదు, రెండోసారి పిలవదు. చేలో ఏ మూలనున్నవాళ్ళయినా కత్తులు కింద పెట్టి వచ్చేవారు. ఆ కేకతో ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, పనికి పురమాయించలేదు. అది వినబడిందంటే అంబలి ఉన్నట్టే. నా చేతులతో ఎన్ని ఏళ్ళు ఆ కుండ దించానో. ఆ కేకే కుక్కకి పెట్టాను.

మొదట ఇంట్లో, తర్వాత పెరట్లో, తర్వాత కోసిన చేలో చేంతాడు కట్టి. కేక వేస్తాను, వెనక్కి తిరిగి నడుస్తాను. వస్తే నెత్తళ్ళు, మెడ కింద గోకడం, మళ్ళీ "పో, ఆడుకో". కట్టెయ్యను. ఇది దానికి నచ్చింది. కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు కూర్చొని ఆలోచించేది. ఆలోచిస్తున్నంతసేపూ నేనూ అటు తిరిగే నిలబడేదాన్ని. ఇద్దరం మొండివాళ్ళమే.

మధ్యలో మా మరిది పాడుచేశాడు. ఓ రోజు తన పెరట్లోంచి వేళాకోళానికి "ఓ... హోయ్" అన్నాడు. కుక్క గోడ దూకి అతని ముందు కూర్చుంది. అతను ఖాళీ చేతులు చూపించి నవ్వాడు. మర్నాడు నేను పిలిస్తే అది కదల్లేదు. నేను సంచీతో వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను.

"ఇంద, నెత్తళ్ళు. పిలిసి నీ సేత్తో పెట్టు."

"నానేటి, నీ కుక్కకి వడ్డించడమేటి వదినా?"

"అంబలి కేకేసి కుండ తేని మనిషిని నా బతుకులో సూడలేదు. నువ్వే మొదలు. పెట్టు."

అతను తల వంచుకొని పెట్టాడు. వారం రోజులు రోజూ వచ్చి పెట్టాడు. నేను అడిగింది ఒక్కరోజే.

ఆ శుక్రవారం మంచు దట్టంగా ఉంది. మనవరాలు బస్సుకోసం మలుపులో, చేల పక్కన రోడ్డువారన నిలబడింది. బీబీ షుగరుకి డాక్టరు నడవమన్నాడని నాతో నడుస్తోంది. మరిది మందని చెరుకు ఆకు మేపడానికి చేలోకి తోలుకొస్తున్నాడు. నా చేతిలో చేంతాడు పాతది కదా, కుక్క ఒక్క గుంజు గుంజేసరికి పుటుక్కున తెగింది.

మనవరాలు దాని పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తబోయింది.

"నోరు ముయ్యి. పరిగెత్తకు" అన్నాను.

మరిది కర్ర ఎత్తాడు. బండికి కబురు పెట్టాల్సిన రోజు వచ్చేసిందని అతని మొహంలోనే కనబడింది. నేను గట్టు మీద నిలబడి ఒక్క కేక వేశాను. గొంతు సగం మంచులోనే కలిసిపోయింది. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాను. బతుకులో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి. వెనక మేకలు అరుస్తున్నాయి, నేను చూడకూడదు.

బీబీ నా పక్కనే, మొహం మేకల వైపు పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ చెప్పింది. "ఆగింది అప్పా. మేకల కేసి చూస్తోంది... నీ కేసి చూస్తోంది... మళ్ళీ మేకల కేసి."

"నడు బీబీ."

"ఆ, కదిలింది."

ఎటు కదిలిందని అడగలేదు. కాసేపటికి నా పిక్కకి వేడి ఊపిరి తగిలింది. కూర్చొని సంచీ మొత్తం నేల మీద బోర్లించాను. నాకు తెలియకుండానే ఒక మాట వచ్చింది. "వచ్చినావా, కూర్చో." బీబీ విన్నట్టుంది, నా భుజం మీద చెయ్యి వేసింది.

మరిది వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కట్టీ వదినా, మళ్ళీ పోద్ది."

"ముందు నీ మంద దాటించు, అందాకా పట్టుకుంటాను. దాటేక ఒగ్గేత్తాను. వచ్చినదాన్ని కట్టను."

అతను కర్ర చంకలో పెట్టుకున్నాడు. "మా బావమరిదికి ఏరే కుక్కని సూసుకోమని సెప్తాలే" అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక నెత్తలి తీసి దాని ముందు వేశాడు. అతని జేబులోకి అది ఎప్పట్నించి వస్తోందో నేను అడగలేదు.

తర్వాత ఊళ్ళో చాలామంది మేమూ చూశామన్నారు. చూడలేదు. అక్కడున్నది వీళ్ళే: హారను కొట్టకుండా బస్సు ఆపుకొని కూర్చున్న డ్రైవరు, మెట్టు మీద ఒక కాలు పెట్టి ఏడుస్తున్న నా మనవరాలు, మేకలతో మా మరిది, కాలు కుంటుతూ అతని వెనక మేకపిల్ల, నాకు చదువు చెప్పిన బీబీ, నేను, మా కుక్క.