ప్రసూన పిన్ని నెగటివు డబ్బాలు

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో డెబ్భైలలో పుట్టిన తెలుగు పిల్లల్లో చాలామందికి మొదటి ఫోటో తీసింది ప్రసూన పిన్నే. నాదీ అంతే. బాలింత గదిలోకి స్టూడియోవాడిని రానివ్వరు. పిన్నికి అడ్డేముంది? కెమెరా మెడలో వేసుకుని నేరుగా లోపలికి వచ్చేది. కిటికీ రెక్క తెరిపించి, బిడ్డను వెలుతురు వైపు తిప్పి, ఊపిరి బిగబట్టి ఒక్క నొక్కు నొక్కేది.

పిన్నిది పార్వతీపురం. 1970లో పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. భర్త తిరుమలరావు బాబాయి గూడ్సు గార్డు. డ్యూటీకి వెళితే రెండ్రోజులకు గాని క్వార్టరుకు వచ్చేవాడు కాదు. ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇంటి సామాను అమ్మేస్తుంటే, బాబాయి కుర్చీల కోసం వెళ్ళి, అవి అప్పటికే అయిపోయాయని కెమెరాతో తిరిగొచ్చాడు. ఫిల్ము కడగడం ఆ డ్రైవరు భార్యే రెండు మధ్యాహ్నాలు దగ్గర కూర్చోబెట్టుకుని పిన్నికి నేర్పి వెళ్ళిందట. క్వార్టరు వెనక బొగ్గులు పోసుకునే గదికి దుప్పట్లు కట్టి చీకటి చేసుకుని, పిన్ని తన ఫిల్ములు తనే కడుక్కునేది.

ప్రింటు వేయించాలంటే మాత్రం బుధవారీ బజారులో స్టూడియోకు వెళ్ళాల్సిందే. ఫిల్ముకు ముప్పై ఆరు బొమ్మలు పడితే, అడిగినవాళ్ళ కోసం రెండో మూడో ఏరి వేయించేది. మిగతావి నెగటివులుగానే ఉండిపోయేవి. వాటిని ఆరేసి బొమ్మల పట్టీలుగా కత్తిరించి, పల్చటి కాగితంలో మడిచి, పైన నెల, సంవత్సరం రాసి బిస్కట్ డబ్బాల్లో దాచేది. నెగటివులో మొహాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటాయి. పసిపిల్లలు కూడా ముసలాళ్ళలా కనిపిస్తారు. అంటే ఇరవయ్యేళ్ళకు పైగా తీసిన బొమ్మల్లో చాలావాటిని తీసినావిడ కూడా సరిగ్గా చూడలేదన్నమాట.

బాబాయి రిటైరై ఆ ఊళ్ళోనే తోర్వా పేటలో ఇల్లు కట్టుకున్నాక, 2006 ఫిబ్రవరిలో పిన్ని తమ్ముడు శంకరరావు ఒక స్కానరు తెచ్చాడు. అతను బొగ్గు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ల మనిషి.

"ఇదేటిరా, ఇంత వెడల్పుంది?" అంది పిన్ని.

"నీ డబ్బాల్లో బొమ్మలు చదివే మిషనక్కా. దీని మూతలో కూడా దీపం ఉంటుంది. పట్టీని ఇలగ చట్రంలో పెట్టు, నిగనిగలాడే వైపు కిందకి. ఒకేసారి రెండు పట్టీలు, పన్నెండు బొమ్మలు. నల్లది తెల్లగా, తెల్లది నల్లగా అదే మార్చీస్తుంది."

"ఏ బొమ్మ కావాలో ఎలగ చెప్పాలి?"

"చెప్పనక్కర్లేదు. అన్నీ తీసీస్తుంది."

పిన్ని మొదటి రెండు పట్టీలనూ రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, చట్రంలో పెట్టి, మూత వేసింది. మూత అంచు కింద తెల్లటి గీత ఒకటి మెల్లగా పాకింది. కంప్యూటరు తెర మీద పన్నెండు చిన్న గళ్ళు తెరుచుకున్నాయి.

"ఏవండీ! బేగి రండి!"

బాబాయి పేపరు పట్టుకునే వచ్చాడు. నాలుగో గడిలో, గూడ్సుబండి చివరి బ్రేకువ్యాను మెట్టు మీద, చేతిలో జెండాతో సన్నటి కుర్రాడొకడు నవ్వుతున్నాడు.

"ఎవడే వీడు?"

"మీరేనండీ."

బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పిన్ని బొమ్మను పెద్దది చేసింది. తెల్ల కోటుకు ఉన్న బొత్తాల్లో ఒకటి మిగతావాటికంటే పెద్దది. అది ఊడిపోతే దొరికిన బొత్తామేదో తనే కుట్టింది. ఆ దారం ముడి కూడా తెర మీద కనిపిస్తోంది.

"ముప్పై ఏళ్ళు ఈ ముడి డబ్బాలో అలగే ఉందాండీ, ఎవరూ చూడకపోయినా?" అంది పిన్ని.

ఆ రోజు నుంచి పొద్దున్నే వంట ముగించి పదింటికల్లా స్కానరు ముందు కూర్చునేది. పన్నెండు బొమ్మలు కావడానికి అరగంట పట్టేది. ఆవిరి ఇంజన్ల పొగలోంచి బొగ్గు ఏరుకునే ఆడవాళ్ళు నడిచొచ్చేవారు. వానలో మునిగిన లైను క్వార్టర్లు, మంచాల మీద ఆరిన వడియాలు, అర్పా నది ఇసుకలో వనభోజనాలు. ఒక పెళ్ళి బొమ్మలో వెనక వరుసలో చిన్న చుక్కలా ఉన్నదాన్ని పెద్దది చేస్తే, చనిపోయిన తన తల్లి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆ పెళ్ళికి అమ్మ వచ్చిన సంగతే పిన్ని మరిచిపోయింది. ఎవరు ఫోన్ చేసినా ఇవే కబుర్లు. "నా కళ్ళు చూడనివి కూడా కెమెరా చూసి అట్టే పెట్టిందమ్మా" అనేది నాతో.

ఏప్రిల్లో ఒకరోజు '1975 ఆగస్టు' అని రాసిన పొట్లం విప్పింది. పట్టీలు పెట్టి మూత వేసింది. గళ్ళు తెరుచుకున్నాయి. మూడు, నాలుగు, ఐదు గళ్ళు చూసి లేచి నిలబడిపోయింది.

ఆ ఆగస్టులో పక్క క్వార్టరు అచ్చియమ్మకు కవలలు పుట్టారు, ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. కాన్పు ఇంట్లోనే అయింది. నొప్పుల్లోనే అచ్చియమ్మకు స్పృహ తప్పింది, ఆపైన ఒళ్ళు తెలియని జ్వరం. ఆసుపత్రిలో పెట్టారు. పిల్లలిద్దరినీ అత్తగారే చూసుకుంది. పిన్నికి అప్పుడు నాలుగు నెలల కూతురు మైత్రి ఉంది. ఆ కవలలకూ తనే పాలిచ్చింది. ఐదో రోజున ఇద్దరినీ చేటలో పక్కపక్కన పడుకోబెట్టి, తల్లికి ఆసుపత్రిలో చూపిద్దామని మూడు ఫోటోలు తీసింది. ఫిల్ము పూర్తి కాకముందే, తొమ్మిదో రోజున ఆడపిల్ల చనిపోయింది.

"పిల్ల బతికి చనిపోయిందని తెలిస్తే కోడలు తట్టుకోలేదు. ఊపిరి లేకుండానే పుట్టిందని చెప్దాం" అంది అత్తగారు. కొడుకునూ ఒప్పించి, మైత్రి తల మీద పిన్ని చేత ఒట్టు వేయించుకుంది. మూడు వారాలకు ఇంటికొచ్చిన అచ్చియమ్మ ఆ మాటే నమ్మింది. పిల్లాడికి సూర్యం అని పేరు పెట్టారు. ఆ అత్తగారు పోయి పద్దెనిమిదేళ్ళు దాటినా పిన్ని నోరు విప్పలేదు. ఆ పట్టీని మళ్ళీ వెలుతురుకు ఎత్తి చూడనూ లేదు.

ఇప్పుడు తెర నిండా ఇద్దరు పిల్లలు. ఆడపిల్ల కళ్ళు తెరిచి కిటికీ వైపు చూస్తోంది. దాని చెయ్యి తమ్ముడి చెంప మీద ఉంది. మరో దాంట్లో ఆవలిస్తోంది. భుజం మీది నూగు కూడా వెలుతురుకి మెరుస్తోంది.

"ఏం చెయ్యమంటారు?" అని పిన్ని బాబాయిని అడిగింది.

"ఇది నీదీ కాదు, నాదీ కాదు. వాళ్ళ వస్తువు. ఇచ్చీ" అన్నాడాయన.

నాలుగు రోజులు ఆలోచించి పిన్ని కబురు పెట్టింది. అదే ఊళ్ళోని లింగియాడీహ్ నుంచి సూర్యం తల్లిని స్కూటరు మీద తీసుకొచ్చాడు. అతను లోకో షెడ్‌లో ఫిట్టరు.

"వీడి చిన్నప్పటి ఫోటో దొరికిందట కదా" అంటూ నవ్వుతూ వచ్చింది అచ్చియమ్మ. పిన్ని తెర మీద గుడ్డ కప్పి ఉంచింది.

"అక్కా, చూపించే ముందు ఒక మాట చెప్పాలి. విన్నాక తిట్టు, కొట్టు, నీ ఇష్టం. నీ ఆడపిల్ల ప్రాణంతోనే పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. మీ అత్తగారు నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"ఏటన్నావు?"

పిన్ని ఆ మాటలే మళ్ళీ చెప్పింది. "క్యా బోల్ రహీ హో, పిన్నీ? ఏటంటున్నావు?" అన్నాడు సూర్యం. అచ్చియమ్మ చెయ్యెత్తి కొడుకును ఆపింది.

"చూపించు."

పిన్ని గుడ్డ తీసింది. అచ్చియమ్మ మొహాన్ని తెరకు జానెడు దూరంలోకి తెచ్చుకుంది. ఏడవలేదు.

"ఓలమ్మా... కళ్ళు తెరిచిందే."

తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది, "పాలెవరిచ్చారు?"

"నేనే. ముందు దానికే ఇచ్చేదాన్ని."

"తాగేదా?"

"గట్టిగా తాగేది. సూర్యం కంటే అదే గట్టిది."

"ఏడ్చేదా?"

"మా వంటింట్లోకి వినిపించేది."

అలా ఎన్నో అడిగింది. జుట్టు ఎంత ఉండేది, ఒంటి రంగు ఎవరిది, ఎక్కిళ్ళు వచ్చేవా, చివరి రోజు ఎవరి ఒళ్ళో ఉంది. పిన్ని గుర్తున్నదల్లా చెప్పింది. సూర్యం తెర మీద ఆ చిన్న చేతినే చూస్తున్నాడు. "యే హాథ్... దానిదా?" అన్నాడు. అవునంది పిన్ని. అతను తనకు తెలియకుండానే చెంప తడుముకున్నాడు.

లేచేముందు అచ్చియమ్మ పిన్ని మొహంలోకి చూసింది. "ముప్పై ఏళ్ళు నా ఎదురుగా కూర్చుని టీ తాగావు." ముందున్న టీ ముట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

పది రోజులు కబురు లేదు. పిన్ని స్కానరు మీద గుడ్డ కప్పేసింది. పదకొండో రోజు పొద్దున్న గేటు ముందు ఆటో ఆగింది. అచ్చియమ్మ ఒక్కతే దిగింది.

"ఆ నెలంతా నేను ఆసుపత్రిలో ఉన్నాను కదా" అంది లోపలికి వస్తూనే. "నేను లేనప్పుడు ఏటేటి జరిగిందో చూడాలి. మిగతావీ పెట్టు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పిన్ని పట్టీలు పెడుతుంటే అచ్చియమ్మ వేలితో ఒక్కొక్క గడినీ చూపించి ఇదేటి, ఇదెవరు అని అడిగింది. ఒక బొమ్మలో వీధి కుళాయి దగ్గర బిందెల వరస ఉంది. పిన్ని ఆ బిందెల కోసమే తీసింది. అచ్చియమ్మ వేలు మాత్రం వాటి వెనకాల ఆగింది.

"ఇది మా పెరటి గుమ్మం కదూ? అక్కడ కూర్చున్నదెవరు?"

పెద్దది చేశారు. గుమ్మం మెట్టు మీద ముసలావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. నోట్లో పమిట కుక్కుకుంది. కళ్ళ కింద తడి స్పష్టంగా మెరుస్తోంది. ఒళ్ళో ఖాళీ చేట ఉంది.

"మా అత్త" అంది అచ్చియమ్మ. "పదమూడేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. మామగారు పోయినప్పుడు కూడా ఈవిడ కంట్లో చుక్క చూడలేదు నేను." పిన్ని వైపు తిరిగి, "ఇది తీసినప్పుడు నీకు తెలుసా?" అని అడిగింది.

"ఒట్టు. బిందెలే చూశానక్కా."

"అచ్ఛా" అంది అచ్చియమ్మ. అంతసేపూ తడి లేని ఆ కళ్ళు అప్పుడు పొంగాయి. పిన్ని భుజం మీద తల ఆనించి గట్టిగా ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగారు.

మొన్న లింగియాడీహ్ వెళ్ళినప్పుడు చూశాను. సూర్యం ఇంటి ముందు గదిలో చేటలోని కవలల బొమ్మనూ, గుమ్మంలోని అత్తగారి బొమ్మనూ ఒకే చట్రంలో కట్టించి పెట్టారు. కొత్తవాళ్ళెవరైనా ఎవరని అడిగితే అచ్చియమ్మ వాళ్ళను దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తుంది. "మా అత్త. వీళ్ళు నా పిల్లలిద్దరూ. పెద్దది అమ్మాయి."