తట్టి చూసే క్యారమ్ బోర్డు

గనిలో పనిచేసి రిటైరైన పోశం కాక క్వార్టర్ వరండాలో క్యారమ్ బోర్డు పెట్టాడు. చేతిలో ఫోనుండగా బోర్డెవరికి కావాలి? పిల్లలు వచ్చినా ఆయన్ని చూసి నవ్వడానికే వచ్చారు. ఆటకు ముందు ఆయన బోర్డు నాలుగు మూలలూ తట్టి, చెవి ఆనించి వినేవాడు.

"ఏం ఇంటున్నవ్ కాకా?" అంది పక్కింటి పిల్ల జమున.

"గనిల పైకప్పు తట్టి ఇనంగనే లోపలికి పోయేటోళ్లం. డొల్ల సప్పుడొస్తే కూలుతదన్నట్టు. చేతికి గదే అలవాటైంది."

పిల్లలు తట్టడానికి పోటీపడ్డారు. తట్టినవాళ్లు ఆటకూ కూర్చున్నారు. పౌడర్ ఎక్కువ చల్లితే కాక తిట్టేవాడు. రెడ్ పడితే మాత్రం వాళ్లకంటే ముందు తానే ఎగిరేవాడు.

ఒకరోజు జమున తట్టి ఆగిపోయింది. "కాకా, ఈ మూల డొల్ల సప్పుడొస్తుంది."

కాక చెవి ఆనించాడు. ఏ తేడా తెలియలేదు. తిరగేస్తే అక్కడ చెక్క పొర లేచి ఉంది.

"బ్లాస్టింగులకు నా చెవులు సగం పోయినయ్ బిడ్డా. సన్న సప్పుడు ఇనవడదు. అలవాటుకు ఊకెనే తడుతున్న."

మర్నాడు చెక్క అతికించి బోర్డు వేశాడు కానీ, తాను గడపలోనే నిలబడ్డాడు. జమున నాలుగు మూలలూ తట్టి, విని, "ఇగ రా కాకా" అన్నాకే వచ్చి కూర్చున్నాడు.