చుక్కల పడవలో వరస కుదరని చుట్టాలు

వంటింట్లోంచి మక్కపేలాలు మాడిన వాసన వచ్చిందంటే మా మనవరాలు తన జపాన్ బొమ్మల సీరియల్ పెట్టుకుని కూర్చుందన్నమాటే. అందులో ఒక పాత ఇనుప ఓడ చుక్కల మధ్య తిరుగుతుంటుంది. దాన్ని నడిపే ముసలాయన, అయినదానికీ కానిదానికీ చిరాకుపడే ఒకామె, అమ్మానాన్నలెవరో తెలియని ఒక పిల్ల ఒకే గిన్నెలో తింటూ, ఒకరి కోసం ఒకరు ప్రాణాల మీదికి తెచ్చుకుంటూ ఉంటారు. మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది.

"ఆ ముసలాయన ఆ పిల్లకు ఏమైతడే?" అని అడిగాను.

"ఏం కాడు అమ్మమ్మా, ఊరికే కలిసుంటరు" అంది.

ఈ మాట మా అవ్వ వినుంటే ఆ ఓడను కిందికి దింపించి పంచాయితీ పెట్టించేది.

అవ్వ అంటే మా నాయిన తల్లి. మర్రిగూడ దగ్గర మా ఊళ్లో ఆమె అనుమానించని ప్రాణి లేదు. పాలు చిక్కగా ఉంటే పిండి కలిపారనేది, పల్చగా ఉంటే నీళ్లు కలిపారనేది. ఊరూ తక్కువదేం కాదు. మా బావుల నీళ్లు తాగి మా అందరి పళ్లకూ పసుపు గార ఉండేది గనుక, తెల్లటి పళ్లతో నవ్వుతూ ఎవరొచ్చినా ముందు నమ్మేవాళ్లం కాదు. దానికి తోడు అప్పట్లో కృష్ణ మీద పెద్ద డ్యాము కడుతున్నారు. పిల్లలను పునాదిలో వేస్తే తప్ప కట్ట నిలవదట అనే మాటను సంతకు పోయొచ్చిన ప్రతివాడూ మోసుకొచ్చేవాడు.

పాలు పట్టిన జొన్న కంకులను చేను గట్టునే పిడకల నిప్పు మీద కాల్చి, చేటలో వేసి నలిపి, ఊదుకుంటూ ఊసబియ్యం తింటూ, చేతుల మసి ఒకరి మొహానికొకరం పూసుకుంటూ, కర్రా బిళ్లా పట్టుకుని చిర్రగోనె ఆడుతూ మేం తిరిగే చలికాలంలో, ఒక పొద్దున ముగ్గురు మనుషులు పీర్ల కొట్టం అరుగు మీద దిగారు. పీర్ల పండుగకు తప్ప ఆ కొట్టం తలుపు ఎవరూ తెరవరు. నెత్తిన బయస్కోపు పెట్టెతో సైదులు అనే ముసలాయన, నుదుట బొట్టు లేని నడివయసు శాంతమ్మ, ముంజేతి నిండా పచ్చబొట్లతో నా ఈడు పిల్ల యాదమ్మ. ముగ్గురి పళ్లూ తెల్లగానే ఉన్నాయి.

మిగతా పెట్టెల్లో చార్మినారూ రైలుబండీ కనిపిస్తే, సైదులు పెట్టెలో ఆయనే గీసిన బొమ్మలుండేవి. రష్యావాళ్లు ఆకాశంలోకి ఏదో పంపారని రేడియోలో విన్నప్పటి నుంచి ఆయనకు అదే లోకమట. పిడి తిప్పుతుంటే పొడుగాటి కాగితం మీద ఒక ఇనుప పడవ చుక్కల్లో పోయేది. ఒక్కో చుక్క మీద ఒంటరిగా మిగిలిపోయిన మనిషినొకరిని ఎక్కించుకునేది. శాంతమ్మ నోటితో గాలి చప్పుడు చేస్తే, యాదమ్మ చెంబు మీద గరిటెతో ఇంజను చప్పుడు చేసేది. దోసెడు జొన్నలకు రోజుకు ఒక్క చుక్కే. "రేపు ఇంకో చుక్క కాడికి పోదాం" అని ఆయన మూత వేస్తే మాకు అన్నం సయించేది కాదు. పిల్లలకు మరుగుమందు పెడుతున్నాడని పెద్దలు గొణిగారు.

అవ్వ వాళ్ల కులం అడగలేదు, ఊరడగలేదు. వరసలు పట్టి చూసింది. మా ఊళ్లో మంగలాయన మామ, కుమ్మరామె పెద్దమ్మ, వరస లేని మనిషి లేడు. యాదమ్మ సైదులును తాత అంటోంది. శాంతమ్మ ఆయన్నే అన్న అంటోంది. యాదమ్మ శాంతమ్మనేమో అక్క అంటోంది.

"తాతకు చెల్లె అయినామె మనవరాలికి అక్క ఎట్లైతది? గీ వరస ఏ దేశంల ఉన్నది? దొంగలు! పిల్లను డ్యాముకు తోల్కపోతున్నరు!" అంది అవ్వ.

ఊరు వణికిపోయింది. పెద్దమనుషులు కూర్చుని, యాదమ్మను వాళ్ల దగ్గర్నుంచి తీసుకుని పోలీసులకు అప్పగించాలని తేల్చారు. అందాకా మా ఇంట్లో ఉంచమన్నారు. శాంతమ్మ వాళ్ల కాళ్ల మీద పడింది. "పిల్లను తీస్కపోతే నేను బతుకనయ్యా" అని ఏడ్చింది. సైదులు పెట్టె తాడు పట్టుకుని నిలబడ్డాడు. నాకూ భయమే, వాళ్లు దొంగలనే నమ్మాను. అయినా యాదమ్మ పోతే ఇంజను చప్పుడు ఎవరు చేస్తారని దిగులు పట్టుకుంది.

అవ్వ ఆ పిల్లను పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని, పెనం మీద జొన్నరొట్టె వేస్తూ అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. నిన్ను ఎత్తుకొచ్చిన్రా?"

"లేదు. మా అమ్మ, మా నాయిన డ్యాము కాడ రాళ్లు మోసేటోళ్లు. ఇద్దరు జరమొచ్చి సచ్చిపోయిన్రు. గుడిసెల నేనొక్కదాన్నే ఉంటి. వీళ్లు తోల్కొచ్చుకున్నరు."

"మరి నీకేమైతరు?"

"నాకు తాత లేకుండె, తాత అన్న. అక్క లేకుండె, అక్క అన్న. ఆమెకు అన్న లేకుండె. ఎవలకు ఏది లేదో గదే పిలుచుకున్నం."

డ్యాము పిల్లలను మింగుతుందనే అవ్వ భయపడింది గాని, పెద్దలను మింగి పిల్లలను మిగులుస్తుందని అనుకోలేదు. పెనం మీద రొట్టె మాడిపోయింది. అవ్వ రొట్టె మాడ్చడం నేను చూసింది అదొక్కసారే.

యాదమ్మ చెయ్యి పట్టుకుని ఆమె నేరుగా పెద్దమనుషుల దగ్గరికి పోయింది. నేనూ వెనకే పోయాను.

"పిల్ల వాళ్లదే" అంది.

"మరి వరసో?" అన్నాడు ఒకాయన.

"వరస నేను కలుపుత. సైదులు నాకు తమ్ముడు."

"నీకు తమ్ముళ్లే లేరు గదనే!"

"లేరు. గందుకే."

శాంతమ్మ వచ్చి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

పెట్టెలోని పడవ ఒడ్డు చేరకముందే వాళ్లు ఇంకో ఊరికి వెళ్లిపోయారు. మూట నిండా జొన్నలు కట్టిచ్చి, మళ్లీ కోతలకు రమ్మంది అవ్వ. వాళ్లు రాలేదు. ఆ తర్వాత పీర్ల కొట్టం దగ్గర ఎవరు దిగినా, "ఎవలో దొంగలొచ్చినట్టున్నరు, పోయి చూసి రా" అని నన్ను తరిమేది. వాళ్లు కాదని చెబితే, "అయితే తలుపెయ్యి" అని అటు తిరిగి పడుకునేది. అవ్వ పోయేదాకా అంతే.

ఇప్పుడు కొట్టం లేదు, పెట్టె లేదు, ఊళ్లో వరసలు పెట్టి పిలిచేవాళ్లూ లేరు. మా అపార్టుమెంటులో అందరూ అంకుల్, ఆంటీలే. అనుమానం మాత్రం మిగిలింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసి ఊరుకుంటాం, అడగం. మొన్న ఎదురింట్లోకి ఒక ముసలాయన, ఒక పిల్ల దిగారు. పోలికలు కలవడం లేదు. అద్దానికి కన్నానించి నేనూ చూశాను.

ఇవాళ మాడని పేలాలు ఏరి గిన్నెలో పోసుకుని వెళ్లి వాళ్ల గంట నొక్కాను. పిల్ల తలుపు సందులోంచి అనుమానంగా చూసి, "ఎవరు మీరు?" అంది.

గిన్నె ముందుకు చాపాను.

"నీకు అవ్వ ఉన్నదా బిడ్డా?" అన్నాను.