ఎవరి మణికట్టూ అంత వంగదు

ఫిజియోథెరపీ కేంద్రంలో ఆమెను అందరూ గ్రాఫులక్క అనేవారు. ఉద్యోగం రికార్డు గుమాస్తా. పదహారేళ్లు కాగితాల మీద రాసి, కంప్యూటరు వచ్చాక నలభై ఎనిమిదో ఏట ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు నేర్చుకుంది. భర్త పోయాక అత్తగారితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేది. ఇద్దరికీ అంతగా పడేది కాదు గానీ, ఒకరు రాకుండా రెండోవారు కంచం ముందు కూర్చునేవారు కాదు.

ఎవరి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో, ఎవరి చెయ్యి ఎంత లేచిందో థెరపిస్టులు కొలిచి చీటీ రాసిస్తే, ఆమె ఆ అంకెలు ఎక్కించి రెండు వారాలకోసారి గ్రాఫు తీసి ఇచ్చేది.

ఒక వానాకాలం టైలరమ్మ ఒకావిడ వచ్చింది. మెట్ల మీద జారిపడితే కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి కర్రముక్కలా బిగుసుకుపోయింది. మొదటిరోజు పన్నెండు డిగ్రీలు వంగింది. పళ్లు బిగబట్టి వ్యాయామం చేసి చేసి, ఆరు వారాలకు ఇరవై ఆరుకు వచ్చింది. గ్రాఫులో మాత్రం ఆ గీత నేలను కరుచుకుని పాకుతూనే ఉంది.

టైలరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. జాకెట్టు గుడ్డ మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి, బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి రావడం మానేసింది.

నాలుగో రోజు గ్రాఫులక్కకు ముద్ద దిగలేదు. ఏమైందని అత్తగారు అడిగితే, గ్రాఫు ఇచ్చి ఒకావిణ్ణి నేనే పంపించేశానంది. గీసింది కంప్యూటరైతే నీదేం తప్పు అంది అత్తగారు.

"దాని ముందు కూర్చున్నది నేనేగా అత్తయ్యా," అంది కోడలు.

మర్నాడు పొద్దున్నే గ్రాఫులో అంకెలున్న నిలువు గీత మీద మౌసు నొక్కి చూసింది. ఎన్నడూ తెరవని పెట్టె ఒకటి తెరుచుకుంది. కనిష్ఠం సున్నా, గరిష్ఠం నూట ఎనభై, అంకెకూ అంకెకూ మధ్య ఇంటర్వెల్ ముప్పై. ఇంటర్వెల్ అంటే సినిమాకే ఉంటుందని ఆమె అప్పటిదాకా అనుకుంది. ఎప్పుడో ఎవరో భుజం కోసం చేసిన అమరిక అది. అప్పటినుంచి అందరి కీళ్లనూ అందులోనే పోస్తున్నారు.

ముప్పై తీసేసి రెండు పెట్టింది. కింద పది, పైన ఇరవై ఎనిమిది చేసింది. గీత ఒక్కసారిగా కప్పుకు తగిలేలా లేచింది. సంబరంగా పట్టుకెళ్లి పెద్ద థెరపిస్టుకు చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదీ సరి కాదమ్మా. రేపు వాపొచ్చి రెండు డిగ్రీలు తగ్గిందనుకో, ఆవిడ పాతాళంలో పడ్డాననుకుంటుంది."

మంచి మణికట్టు ఎంత వంగుతుందని అడిగింది. ఎనభై అన్నాడు. మరి కత్తెర పట్టడానికో అంటే, తన చేతినే అటూ ఇటూ వంచి చూసుకుని నలభై చాలన్నాడు. ఆమె సున్నా నుంచి ఎనభై దాకా పదేసి చొప్పున పెట్టింది. గీత పాకనూ లేదు, ఎగరనూ లేదు. నిదానంగా మిట్ట ఎక్కుతోంది. నలభై దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ టైలరమ్మ ఇంటికి వెళ్లింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆవిడ ఎడమచేత్తో ఏదో పాత కుట్టు విప్పుతోంది. గ్రాఫులక్క ఆవిడ ముందు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పరిచింది.

"రెండిట్లోనూ మీ అంకెలే అమ్మా. పాతది భుజానికి పెట్టిన కొలత. నూట ఎనభై దాకా ఎవరి మణికట్టూ వంగదు. నాది చూడండి."

టైలరమ్మ ఆ చేతిని పట్టుకుని, కొలతలు తీసుకునేదానిలా తిప్పి తిప్పి చూసింది.

"అంటే ఇన్నాళ్లూ పసిపిల్లకు పెద్దవాళ్ల చొక్కా తొడిగావన్నమాట."

"అవునమ్మా. చూసుకోలేదు. తప్పు నాదే."

ఆవిడ నవ్వబోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెన్సిలు గీత మీద వేలు పెట్టి, దీనికి ఇంకెంత దూరమని అడిగింది.

"పద్నాలుగు."

మర్నాడు వచ్చింది. మధ్యలో వాపొచ్చి మూడు తగ్గినప్పుడు నాలుగు సణుగులు సణిగింది గానీ మానలేదు. చలికాలానికి నలభై దాటింది. యాభై రెండు దగ్గర ఆగిపోయింది, ఆపైన వంగలేదు. మందపు గుడ్డ ఇప్పుడు చెల్లెలు కత్తిరించి పెడుతుంది, కుట్టేది ఆవిడే.

గ్రాఫులక్క ఒక్కో కీలుకు విడివిడిగా అమరిక చేసింది. తర్వాత పాత రికార్డులు తిరగేసి, మధ్యలో మానేసిన పదకొండు మందికి ఫోన్లు చేసింది. నలుగురు తిరిగి వచ్చారు. ఒక పెద్దాయన మాత్రం ఫోనులో మోకాలి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, అరగంటసేపు ఇంటి కబుర్లు చెప్పాడు. ఆమె ఊ కొడుతూ వింది.